నాన్న పాత ఫైబర్ బోటుకి నేనే రంగు వేద్దామనుకుంటున్నా, ఎక్కడ మొదలెట్టాలి?

ఇసుకతిన్నె:

అన్నలూ నమస్తే. మాది భీమిలి దాటాక ఒడ్డున చిన్న ఊరు. నాన్న వేట మానేసి మూడేళ్లయింది, మోకాళ్లు సహకరించట్లేదు. అప్పట్నుంచి మా బోటు కొబ్బరిచెట్ల కింద అలాగే పడుంది, బోర్లా కూడా వెయ్యలేదు, వానకి నిండటం ఎండకి ఆరడం. 28 అడుగుల ఫైబర్ బోటు, సునామీ వచ్చిన మరుసటి ఏడు కొన్నది. చిన్నాన్న కొడుకు వేటకి తీసుకెళ్తానంటున్నాడు. ఎలాగూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజుల్లో నేనే బాగు చేసి రంగు వేసి దింపుదామని ఆలోచన.

ఇప్పుడు దాని పరిస్థితి చెప్తా. బయట నీలం రంగు పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది, దాని కింద ఆకుపచ్చ, దాని కింద తెలుపు. ముందు భాగంలో సాలెగూడులాగా సన్నని పగుళ్లు. 2014లో హుద్‌హుద్‌కి పక్క బోటు మీద పడి కుడివైపు మూరెడు చీలిక వచ్చింది, అప్పుడు ఎవరో అతుకు వేశారు, ఇప్పుడు ఆ అతుకు అంచు లేచింది, గోరు దూరుతోంది. వెనక ఇంజిన్ బిగించే పలక దగ్గర బోల్టులు బిగిస్తుంటే తిరుగుతూనే ఉన్నాయి, పట్టు చిక్కట్లేదు. ఇంకోటి, మునుపు ఎనిమిది మంది తోస్తే కదిలేది, మొన్న పక్కకి జరుపుదామంటే పన్నెండు మంది పట్టారు. ఇసుకలో కూరుకుపోయింది కాబట్టేమో అనుకున్నాం.

షెడ్డువాళ్లని అడిగితే వాళ్లు చెప్పిన రేటుకి ఇంకొంచెం కలిపితే సెకండ్‌హ్యాండ్ బోటు వచ్చేలా ఉంది. నాకు గ్రైండర్ పట్టుకోవడం వచ్చు, రెజిన్ (ఫైబర్ పొరల్ని అతికి గట్టిపడే జిగురు ద్రవం) పని ఎప్పుడూ చెయ్యలేదు. పాత రంగు మొత్తం గీకాలా, పైనే వేసెయ్యొచ్చా? ఇళ్లకి వేసే ఎనామిల్ సరిపోతుందా? పగుళ్లకి కార్లకి పెట్టే పుట్టీ పెట్టేస్తే సరిపోతుందని ఒకాయన అన్నాడు, నిజమేనా?

తాళ్లరేవు ఫైబరు:

తమ్ముడూ, రంగు డబ్బా ఇప్పుడే కొనకు. పన్నెండేళ్లు మోల్డింగ్ షెడ్డులో చేశాను కాబట్టి చెప్తున్నా, నువ్వు రాసినదాంట్లో పెచ్చులకి నేను భయపడలేదు, పన్నెండు మంది అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. అది ఇసుక కాదు. లోపల నీళ్లున్నాయి.

మన వైపు బోట్లకి లోపల గదుల్లో తేలడానికి థర్మోకోలో ఫోమో నింపుతారు. ఎక్కడో చిన్న పగులు పడితే నీళ్లు దిగి అందులోనే నిలుస్తాయి, ఎండకి బయటికి రావు. ముందు ఆ గది అడుగున చిన్న డ్రిల్లు బిట్టుతో ఒక రంధ్రం పెట్టు. నీళ్లు కారితే వారం రోజులు కారనివ్వు, తరవాత పైన కోసి తడిసిన సరుకు అంతా తవ్వి తీసెయ్యి, అది ఆరుతుందని ఎదురు చూడకు, ఆరదు. ఇంజిన్ పలక కూడా అంతే, రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది, బోల్టు తిరుగుతోందంటే ఆ ప్లైవుడ్ చచ్చిపోయింది. లోపలివైపు నుంచి నాలుగైదు చోట్ల చిన్న బిట్టుతో గుచ్చి చూడు. పొడి చెక్కపొట్టు వస్తే అదృష్టం. నల్లగా ముద్దలాగా వస్తే లోపలివైపు పొర కోసి పలక మార్చాల్సిందే, ఐఎస్ 710 అని ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తెచ్చుకో, మామూలుది పెట్టావంటే మళ్లీ ఇదే పని.

తరవాత సుత్తి పిడితో బోటంతా తట్టుకుంటూ వెళ్లు. గట్టి చోట టంగుమంటుంది, పొరలు విడిపోయిన చోట డబడబమని బోలుగా వస్తుంది. అక్కడ సుద్దముక్కతో గీత గియ్యి. సగం రోజు పడుతుంది, విసుగు పుడుతుంది, కానీ నీ పనంతా ఆ సుద్దగీతల్లోనే ఉంది.

సాలెగూడు పగుళ్లు పైన నునుపుగా ఉండే రెజిన్ పూత, అదే జెల్‌కోటు, అందులోనివే అయితే పెద్ద సంగతి కాదు, గీకి నింపుకోవచ్చు. హుద్‌హుద్ చీలిక అలా కాదు, దానికి పుట్టీ పెట్టమన్నాయన మాట వినకు. అల కొట్టినప్పుడల్లా బోటు పక్క ఊగుతుంది, పుట్టీకి ఊగడం రాదు, రాలిపోతుంది. పాత అతుకు మొత్తం తీసెయ్యి. చీలిక చుట్టూ ఏటవాలుగా గ్రైండ్ చెయ్యాలి, గోడ మందం ఎంతుంటే దానికి పన్నెండింతల వెడల్పు, అంటే 6 మిల్లీమీటర్ల మందానికి అన్ని వైపులా 7 సెంటీమీటర్ల పైనే. కొత్తవాళ్లకి ఇంత గుంట చేస్తుంటే గుండె ఆగిపోతుంది, బోటు పాడుచేస్తున్నామనిపిస్తుంది, కానీ పట్టు దొరికేది ఆ ఏటవాలులోనే. చదరపు మీటరు 450 గ్రాములు తూగే మ్యాట్ (గాజునార గుడ్డ) ఒక పొరకి రమారమి ఒక మిల్లీమీటర్ మందం వస్తుంది, లెక్క వేసుకో. మ్యాట్ బరువుకి రెండు నుంచి రెండున్నర రెట్లు రెజిన్. రోలరుతో గాలి బుడగలు బయటికి తియ్యి, తెల్లగా కనిపించిన చోటల్లా గాలి ఉన్నట్టే.

ఇది మాత్రం రెండుసార్లు చదువు. పాలిస్టర్ రెజిన్‌లో రెండు మందులు కలుపుతారు, ఊదారంగులో ఉండే కోబాల్టు యాక్సిలరేటరు, నీళ్లలా ఉండే క్యాటలిస్టు. ముందు కోబాల్టు రెజిన్‌లో బాగా కలిపి, ఆ తరవాతే క్యాటలిస్టు. ఈ రెండూ నేరుగా ఒకదానిలో ఒకటి పోశావో మంట అంటుకుంటుంది, పేలుతుంది కూడా. క్యాటలిస్టు కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్లద్దాలు లేకుండా సీసా మూత తియ్యకు. కిలో రెజిన్‌కి క్యాటలిస్టు 10 నుంచి 20 మిల్లీలీటర్లు, మన మే నెల ఎండల్లో 10 దగ్గరే ఉండు. గ్రైండింగ్ చేసేటప్పుడు మాస్కు, పొడుగు చేతుల చొక్కా. అయినా రాత్రికి దురద పుడుతుంది, చన్నీళ్లతో కడుక్కో, వేడి నీళ్లు వద్దు.

ఇక రంగు. లేస్తున్నదంతా గీకాలి, గట్టిగా ఉన్నది సాండ్‌పేపరుతో గరుకు చేస్తే చాలు. చెక్కనావలకి చేసినట్టు మంట పెట్టి కాల్చకు, రంగు తీసే ఘాటు మందులు కూడా వద్దు, ఫైబరే మెత్తబడుతుంది. మంచినీళ్లతో ఉప్పు పోయేదాకా కడుగు. కడిగాక నీళ్లు పోసి చూడు, పలచగా పరుచుకుంటే సరే, ముత్యాల్లా విడిపోతే ఇంకా జిడ్డుంది. ఎపాక్సీ ప్రైమరు, దాని మీద పాలియూరెథేన్ రంగు వేస్తే ఎక్కువ కాలం ఉంటుంది. కానీ నిజం చెప్పాలంటే రోజూ ఒడ్డుకి లాగే బోటుకి అంత ఖర్చు దండగ, నీళ్ల పైభాగానికి ఎనామిల్ వేసుకుని ఏటా ఒక చెయ్యి తిప్పుకో. అడుగుభాగాన్ని ఎలాగూ ఇసుక గీకేస్తుంది. ఆ డబ్బు అడుగున రెండు పొరల మ్యాట్ ఎక్కువ వెయ్యడానికి పెట్టు. గుల్ల పట్టకుండా వేసే మందు రంగులు హార్బర్‌లో నీళ్లలోనే కట్టి ఉంచే బోట్లకి, నీకు అక్కర్లేదు.

నావ మనవడు:

ఫైబరన్న అంతా చెప్పాడు, ఒక్కటే కలుపుతా. మా తాత చెక్కనావలు కట్టేవాడు. సముద్రపు నీళ్లు చెక్కని కుళ్లబెట్టవురా, వాననీళ్లే కుళ్లబెడతాయి అనేవాడు. నావ ఒడ్డున ఉన్నప్పుడు వాన పడితే లోపల ఇంత ఉప్పు చల్లమనేవాడు, మేం చాదస్తం అనుకునేవాళ్లం. తరవాత చదివితే అర్థమైంది, చెక్కని కుళ్లబెట్టే బూజుకి ఉప్పు పడదు. (ఉప్పునీళ్లలో చెక్కకి వేరే శత్రువు ఉందిలెండి, తొలిచే పురుగు.) మీ బోటు మూడేళ్లు వాననీళ్లతో నిండి ఉందన్నారు, పలకలో ప్లైవుడ్ పోవడానికి అదే కారణం. బాగుచేశాక ఒడ్డున పెట్టినప్పుడు అడుగున బిరడా తీసి ఉంచండి.

చెక్కనావ ఉన్నవాళ్లు ఇది చదివి ఇదే పద్ధతి పాటించొద్దు. చెక్కకి లెక్క వేరు. ఎండలో పలకలు ముడుచుకుని సందులు తెరుచుకుంటాయి, అవి చూసి కంగారుపడి గట్టి పుట్టీ కూరితే నీళ్లలో దింపాక పలక ఉబ్బి మేకుల్ని లాగేస్తుంది. దూది కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పెట్టేది అందుకే, అది చెక్కతో పాటు సాగుతుంది. పాత నావల మీద ఎర్రటి సీసం రంగు ఉంటే పొడిగా గీకొద్దు, తడిపి గీకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

వేరావల్ కళాసీ:

మాది శ్రీకాకుళం జిల్లా, పదేళ్లుగా గుజరాత్ బోట్ల మీదే. ఇక్కడ పాతవాళ్లు చెక్క బోట్లకి తిమింగల సొర కాలేయం నూనె పూసేవారట. 2001 నుంచి ఆ చేపని పట్టడమే నేరం, ఇప్పుడు వలలో పడితే వదిలేస్తున్నారు. మా పలాస వైపు జీడిపిక్కల తొక్క నూనె దొరుకుతుంది, చెక్కకి అదీ మంచిదే, చేతికి తగిలితే మాత్రం పుండవుద్ది.

బాబూ నీ బోటు సంగతికొస్తే, నేనైతే అమ్మేస్తా. ఇరవై ఏళ్ల ఫైబరు. సునామీ తరవాత ఊరూరా దిగిన బోట్లలో కొన్ని అట్టముక్కల్లా ఉండేవి, నేను చూశాను. ముందు గోడ మందం కొలిచి అప్పుడు డబ్బులు పెట్టు.

తీరం కాగితాలు:

రంగు కొనేముందు మత్స్యశాఖ ఆఫీసుకి ఒకసారి వెళ్లండి. ముంబయి దాడుల తరవాత ఏ రాష్ట్రం బోటుకి ఏ రంగు ఉండాలో పద్ధతి పెట్టారు, మీకు నచ్చిన నీలం వేసుకుంటే కుదరకపోవచ్చు. ఐఎన్‌డీ ఏపీ అని మొదలయ్యే నంబరు గీకేముందు ఫొటో తీసుకోండి, మళ్లీ అదే రాయాలి. మూడేళ్లు వేటకి వెళ్లలేదు కాబట్టి లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో చూసుకోండి. బోటు నాన్నగారి పేరు మీద ఉండి మీ తమ్ముడు నడుపుతానంటే అది కూడా అక్కడే తేల్చుకోండి. నిషేధం అయిపోయే ముందు వారం ఆ ఆఫీసు తిరనాళ్లలా ఉంటుంది, ఇప్పుడే వెళ్లడం మేలు.

ఇసుకతిన్నె:

అందరికీ దండాలు. నిన్న రంధ్రం పెట్టాను. ధారగా కారింది అన్నా, రాత్రంతా కారింది, వాసన చెప్పలేను. కళాసీ అన్నా, పలకకి వేసిన పాత బోల్టు రంధ్రం దగ్గర కాకుండా పక్క గోడ దగ్గర కొలిచాను, 7 మిల్లీమీటర్లు ఉంది, అమ్మను. ఒక డౌటు, తవ్విన చోట మళ్లీ థర్మోకోల్ షీట్లు పెట్టి పైన మ్యాట్ వేసెయ్యనా? ఊళ్లో చవగ్గా దొరుకుతున్నాయి.

తాళ్లరేవు ఫైబరు:

వద్దు వద్దు. పాలిస్టర్ రెజిన్ తగిలితే థర్మోకోల్ ఐస్‌క్రీమ్‌లా కరిగిపోతుంది, పైన మ్యాట్ కింద గుంట మిగులుతుంది. పియు (పాలియూరెథేన్) ఫోమ్ పలకలు తెచ్చుకో. థర్మోకోలే పెడతానంటే ఎపాక్సీ రెజిన్ వాడాలి, అది ఖరీదు, పైగా ఎపాక్సీ మీద మళ్లీ పాలిస్టర్ వేస్తే సరిగా అతుక్కోదు. 7 మిల్లీమీటర్లు ఉంటే మంచి బోటే, చెయ్యి.

ఇసుకతిన్నె:

ఐదు వారాల తరవాత రాస్తున్నా. పలక కోసి చూస్తే ప్లైవుడ్ లేదు, తడిసిన అట్ట ఉంది, చేత్తో తోడాను. ఫోమ్ నాలుగు గోనెసంచులు వచ్చింది, ఒక్కో సంచీ ఇద్దరం మొయ్యాల్సొచ్చింది.

తప్పులు కూడా చెప్తా, ఇంకెవరికైనా పనికొస్తుంది. మొదటిరోజు ఉత్సాహంగా రెండు కిలోల రెజిన్ ఒకేసారి కలిపాను, పొద్దున పదకొండు గంటలకి. సగం కూడా పుయ్యలేదు, బకెట్‌లో జున్నులా గట్టిపడి పొగలు మొదలయ్యాయి, ఇసుకలోకి విసిరేశాను, బకెట్ అడుగు కరిగిపోయింది. అప్పట్నుంచి ఆరొందల గ్రాములు మించి కలపలేదు, అదీ తొమ్మిదింటిలోపు. రెండో తప్పు, మొదటి పూత రంగు మధ్యాహ్నం వేశాను. రెండింటికల్లా సముద్రపు గాలి లేచి ఇసుకంతా తడి రంగు మీద పోసింది, గరుకు కాగితంలా తయారైంది, మర్నాడంతా మళ్లీ గీకుడే. నాన్న పక్కన కుర్చీలో కూర్చుని గాలొస్తుంది రా అంటూనే ఉన్నాడు, నేనే వినలేదు. తెల్లారుజామున వేస్తే తేమ, మధ్యాహ్నం ఇసుక, మొత్తానికి ఎనిమిది నుంచి పదకొండు దాకానే రంగు పని.

హుద్‌హుద్ చీలికకి లోపల బయట కలిపి ఏడు పొరలు వేశాను. పాత అతుకు కింద ఏముందో తెలుసా, కార్లకి పెట్టే పుట్టీయే.

రంగు ఆఫీసులో చెప్పినదే వేశాను. నంబరు మాత్రం నాన్న రాశాడు, నా చేతిరాత బాలేదట. ఖర్చు నా కూలి లెక్కెయ్యకుండా 38 వేలు అయింది, అందులో ప్లైవుడ్డు, ఫోమే ఎక్కువ. నిన్న తొమ్మిది మందిమి తోసి నీళ్ల దాకా తీసుకెళ్లి, చుక్క నీరు లోపలికి రాలేదని చూసుకుని మళ్లీ వెనక్కి లాగాం. 14 రాత్రి దాటాక కొబ్బరికాయ కొట్టి దింపుతాం.

తాళ్లరేవు ఫైబరు:

శభాష్ తమ్ముడూ. పలక బోల్టులు బిగించేముందు రంధ్రాల లోపల రెజిన్ పూసి, సీలెంటు పెట్టావా?

ఇసుకతిన్నె:

సీలెంటు పెట్టాను. రంధ్రాల లోపల పుయ్యలేదు. రేపు పొద్దున్నే విప్పుతా.