ఈ వారం సమస్య: “కుక్కరు కొన్నట్టి యింట కూడే కరవౌ”

మాడవీధి మాస్టారు:
పోయిన వారం పద్యాలు పక్కకు పోయి ఒకటే గోల. ఇంట్లో విజిల్ వేసే ప్రెషర్ కుక్కర్ ఉండగా అన్నానికని ప్రత్యేకంగా కరెంటు కుక్కర్ కొనడం దండగా, కాదా అని. ఆ కొట్లాటేదో ఛందస్సులోనే కానివ్వండి. ఇది కందంలో నాలుగో పాదం, ముందు మూడూ మీరు పూరించి దీనికి అర్థం కుదర్చాలి:

కుక్కరు కొన్నట్టి యింట కూడే కరవౌ

ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, ద్విత్వ కకారం. అక్క, చుక్క, ముక్క, లెక్క... దొరకలేదనే సాకు చెల్లదు. పాదాలన్నీ గురువుతోనే మొదలవ్వాలి. రెండేసి పాదాలు కలిపి లెక్కిస్తే ఆరో గణం జగణమో (లఘువు, గురువు, లఘువు) నలమో (నాలుగు లఘువులు) పడాలి, బేసి చోట జగణం రాకూడదు. కుక్కరంటే ఇక్కడ రైస్ కుక్కరే. పద్యం కింద కొనమంటారో వద్దంటారో నాలుగు ముక్కలు వచనంలో కూడా రాయండి.

అలిపిరి మెట్టు:

టక్కున కరెంటు పోయెను
చక్కగ నానిన మసూరి చల్లగ నుండెన్
దిక్కగు గ్యాసయిపోయిన
కుక్కరు కొన్నట్టి యింట కూడే కరవౌ

నా మటుకు వద్దు. కరెంటు పోతే దాని గిన్నె తీసి పొయ్యి మీద పెట్టే వీలు కూడా లేదు. మంట తగిలి అడుగు వంగిందంటే మళ్లీ కుక్కర్లో సరిగ్గా కూర్చోదు.

మాడవీధి మాస్టారు:
ధార బాగుంది. ‘దిక్కగు గ్యాసయి’ దగ్గర గ్యా సంయుక్తం కదా, ముందున్న ‘గు’ గురువు కాదా అని ఎవరో ఒకరు వస్తారు. ముందే చెప్తున్నా, వేరే మాట, సంస్కృత సమాసం కాదు, లఘువే. అసలు తప్పు భావంలో ఉంది. కరెంటూ గ్యాసూ రెండూ లేని ఇంట్లో ఏ గిన్నె పెట్టినా కూడు కరువే. పాపం, కుక్కరేం చేసింది? సమస్యలోని విరోధం కుక్కరుకే తగలాలి.

చిత్తూరు బెల్లం:

నొక్కుట మరచెను మీటను
మిక్కిలి ధీమాగ నేగె మీటింగునకున్
ముక్కల పులుసుండియు నిట
కుక్కరు కొన్నట్టి యింట కూడే కరవౌ

అలిపిరి మెట్టు:
అక్కా, ‘మీటింగునకున్’ అదిరింది! కానీ మరిచిందెవరో పద్యంలో లేదే?

చిత్తూరు బెల్లం:
మా ఇంట్లో అది వేరే చెప్పాల్సిన పని లేదు నాయనా.

మాడవీధి మాస్టారు:
యతి (పాదం మొదటక్షరానికీ నాలుగో గణం మొదటక్షరానికీ పొత్తు) మి–మీ, ఆరో గణం జగణం, అన్నీ చక్కగా పడినాయి. ఇంగ్లీషు మాటకు ‘నకున్’ తగిలించడంలోనే సగం నవ్వు ఉంది. విషయం కూడా నిజం. చాలా కుక్కర్లలో ప్లగ్గు పెట్టి స్విచ్ వేయగానే ‘వార్మ్’ దీపం వెలుగుతుంది. అది చూసి ఉడుకుతోందనుకుంటారు. మీట కిందికి నొక్కితే గాని వంట మొదలు కాదు. గంట తర్వాత మూత తీస్తే గోరువెచ్చని నీళ్లలో నానుతున్న బియ్యం కనిపిస్తుంది.

పుంగనూరు పొట్టి ఆవు:

అక్కకు ముద్దే ముద్దగు
చిక్కని సంగటికి తెడ్డు చేపట్టు సదా
చుక్కెదురు బియ్యమున కిక
కుక్కరు కొన్నట్టి యింట కూడే కరవౌ

మా పక్క ఊళ్లలో దీన్ని కొనడం శుద్ధ దండగ. కొనిచ్చినా అట్టపెట్టెలోనే ఉంటాది.

కొర్లగుంట కోడలు:
ఏం సామీ, సంగటి తినేవాళ్ల ఇంట్లో కూడు లేదని పద్యం రాస్తావా? మా నాయన చూస్తే ఊళ్లోకి రానీడు నిన్ను.

మాడవీధి మాస్టారు:
కోడలు చెప్పింది న్యాయం. పైగా ఇంకో చిక్కుంది. మన వైపు సంగటికి ముందు వేసేదే బియ్యం. నీళ్లు ఎక్కువ పోసి బియ్యమో నూకలో మెత్తగా గుజ్జుగా ఉడికిస్తారు. దాని మీద రాగిపిండి కుప్పగా పోసి, నడిమధ్య తెడ్డుకొనతో ఒక బొక్క చేసి మూత పెడతారు. పిండి ఆవిరికి మగ్గినాక దించి, రెండు చేతులా తెడ్డు పట్టి ఉండలు లేకుండా గెలుకుతారు. బియ్యానికి చుక్కెదురైతే ఇక సంగటి ఎక్కడిది? ‘ముద్దే ముద్దగు’ అనే మొదటి పాదం మాత్రం నాకు తెగ నచ్చింది. చి–చే యతి సరే.

కుక్కర్ మీద నీ మాట ఒప్పుకుంటా. గెలకడానికి బలమైన గిన్నె కావాలి, దాన్ని గట్టిగా అదిమి పట్టుకోవాలి. కరెంటు కుక్కర్ గిన్నె పలచన, లోపల పూత కూడా ఉంటే తెడ్డు దెబ్బకు లేచిపోతుంది. రోజూ సంగటి తినే ఇంటికి అది దండగే.

పుంగనూరు పొట్టి ఆవు:
దండగని ఒప్పుకున్నారు గదా, పద్యం పోతే పోనీండి.

బైరాగిపట్టెడ బ్యాచిలర్:
మొదటిసారి రాస్తున్నా, తిట్టొద్దు.

ఒక్కడె యుండెడి గదిలో
మక్కువతో కుక్కరొకటి తెచ్చిన నేమౌ
చిక్కదు తీరిక వండగ
కుక్కరు కొన్నట్టి యింట కూడే కరవౌ

మాడవీధి మాస్టారు:
తిట్టేదేముంది, గణాలన్నీ సరిపోయినాయి. రెండో పాదంలో యతి ఒక్కటే తప్పింది. మొదటక్షరం ‘మ’, నాలుగో గణం మొదలు ‘తె’. రెండింటికీ పొత్తు లేదు. సరిచేసుకుని రా.

బైరాగిపట్టెడ బ్యాచిలర్:
“మక్కువతో కుక్కరొకటి మరి తెచ్చిననున్”. ఇప్పుడు?

చిత్తూరు బెల్లం:
యతి కుదిరింది గాని ఆ ‘మరి’ యతి కోసం అతికించినట్టుంది. తీసేస్తే అర్థంలో ఏమీ తగ్గదు చూడు. “మక్కువతో కుక్కరొకటి మామయ్య కొనెన్” అను. ఇల్లు వదిలి వచ్చిన పిల్లోడికి మేనమామ కొనిచ్చినాడంటే కథ కూడా వస్తుంది.

బైరాగిపట్టెడ బ్యాచిలర్:
అక్కా! నిజంగానే మామయ్య కొనిస్తానంటా ఉన్నాడు. అందుకే ఈ గోలంతా చదువుతా ఉండా.

రిటైర్డ్ ఫిజిక్స్:

ఒక్క మెతుకడుగు జేరిన
చక్కగ వేడంట కడుగు సగమే యుడుకున్
బిక్కమొగమేసి చూతురు
కుక్కరు కొన్నట్టి యింట, కూడే కరవౌ

ఇది ఊహ కాదు. కుక్కర్ అడుగున ప్లేటు నడుమ స్ప్రింగు మీద ఒక గుండ్రటి బిళ్ల ఉంటుంది చూశారా? గిన్నె అడుగు వేడిని అదే కనిపెడుతుంది, దాంట్లో అయస్కాంతం ఉంటుంది. గిన్నెలో విడి నీళ్లున్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు. బియ్యం నీళ్లన్నీ తాగేశాక అడుగు వేడి ఇంకొంచెం ఎక్కుతుంది. ఆ నాలుగైదు డిగ్రీల తేడాకే అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, స్ప్రింగు తోస్తుంది, మీట టక్కుమని పైకి లేస్తుంది. ‘కుక్’ పోయి ‘వార్మ్’ వస్తుంది. గడియారం లేదు, మెదడు లేదు. గిన్నెకూ ప్లేటుకూ మధ్య ఎండిన మెతుకు ఒకటి ఇరుక్కుంటే ఈ లెక్కంతా తప్పిపోతుంది. ఒక పక్క మాడుతుంది, ఒక పక్క పలుకు మిగులుతుంది. గిన్నె అడుగు తడి లేకుండా తుడిచి పెట్టమనేది కూడా ఇందుకే.

1955లో జపాన్‌లో తోషిబా అమ్మకానికి పెట్టిన మొదటి ఆటోమేటిక్ కుక్కర్ వేరే రకం. దాంట్లో రెండు గిన్నెలు. బయటి గిన్నెలో కొలత ప్రకారం నీళ్లు పోస్తే, అవి ఇగిరిపోయి వేడి పెరగ్గానే లోహపు రేకు వంగి కరెంటు ఆపేది. బియ్యం నీళ్లు తాగడం కాదు, పక్కనున్న నీళ్లు ఇగరడమే దానికి గుర్తు.

మాడవీధి మాస్టారు:
సార్, సమస్యకు ఇదే సిసలైన విరుపు. ‘ఇంట’ దగ్గర ఆపి ‘కూడే కరవౌ’ను విడి వాక్యం చేశారు. చ–స యతిమైత్రి, ‘వేడంటక’ దగ్గర సంధి కూడా హాయిగా ఉంది. ఒకటే లోటు, ‘అడుగు’ పక్కపక్క పాదాల్లో రెండుసార్లు వచ్చింది. మొదటి దాన్ని మార్చగలిగితే ఇంకా బాగుంటుంది.

రిటైర్డ్ ఫిజిక్స్:
నలభై మార్కులు వేస్తే చాలు, మళ్లీ పరీక్ష రాయలేను.

స్వర్ణముఖి ఇసుక:

చక్కెర పెరిగిన మీదట
పక్కకు బెట్టుమని చెప్పె వైద్యుడు వరినిన్
మొక్కితి కొర్రల కికపై
కుక్కరు కొన్నట్టి యింట కూడే కరవౌ

మాడవీధి మాస్టారు:
ప–వై యతి తెలిసి వేశారు, భేష్. కొర్రలు నానబెట్టి అదే కుక్కర్లో వండొచ్చు, అప్పుడు కూడు కరువెక్కడిది? సంగటి పద్యానికి పడిన అక్షింతలే దీనికీ.

పాత సిబ్బి:
నాకు కందం నడవదు. సమస్య వదిలేసి ఆటవెలదిలో ఒకటి పెడతా, తోసేయొద్దు.

గంజి వార్చు నాడు గటగట త్రాగిన
బలము నేడు లేదు పాత్ర కడుగ
సిబ్బి మూల బడెను చీకటి గదిలోన
మీట జూచి నవ్వె మెతుకు కూడ

ఎసరు కాగినాక కడిగిన బియ్యం పోయడం, మెతుకు పట్టి చూడటం, సిబ్బి పెట్టి వార్చడం... అదీ వంటంటే. గంజి వార్చితే మెతుకు మెతుకుకు అంటదు. ఈ కుక్కర్లలోది అత్తెసరు అన్నమే గదా. కోడళ్లకు పని తప్పించే ఎత్తు.

కొర్లగుంట కోడలు:
పెద్దమ్మా, మీ నాలుగో పాదం నాకు కంఠతా వచ్చేసింది. పని తప్పించే ఎత్తు అన్నారే, అదే మేం కొనేదానికి కారణం. దాచుకునేది ఏముంది?

మాడవీధి మాస్టారు:
తోసేయడమా! ఈ రోజు వచ్చిన వాటిలో చివరి పాదం మీదే గొప్పది. బలం సంగతిలో మాత్రం అమ్మకు ఎదురు చెప్పక తప్పదు. గంజి ఎక్కడికీ పోలేదు, వార్చకుండా ఇగరబెట్టిన అన్నంలోనే ఇంకిపోయింది. వార్చిన నీళ్లతో బి విటమిన్లు కొంత పోతాయి. గంజి తాగేవాళ్లకు నష్టం లేదు గాని, ఇప్పుడు ఎన్ని ఇళ్లలో గంజి తాగుతున్నారు? సింకులో పోస్తున్నారు. అన్నం విడివిడిగా రావడంలో మీ మాటకు తిరుగు లేదు. కొత్త బియ్యమైతే కుక్కర్లో ముద్ద కావడం ఖాయం. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, పాతబడిన బియ్యం తెచ్చుకుని నీళ్లు చూసి పోస్తే మెతుకు మెతుకు విడుతుంది. కొత్తదానికి నీళ్లు తగ్గించుకోవాలి. ఈ ఒక్క తేడా మాత్రం అయస్కాంతానికి తెలియదు.

అలిపిరి మెట్టు:
వంటింటి మీద ఇంత పద్యమా అని మా ఇంట్లో నవ్వుతున్నారు మాస్టారూ.

మాడవీధి మాస్టారు:
తరిగొండ వెంగమాంబ పద్యమూ రాసింది, అన్నదానమూ చేసింది. తిరుమలలో రోజూ వేలమంది తినే అన్నప్రసాద భవనానికి ఉన్నది ఆమె పేరే. మీ వాళ్లకు చెప్పు. తరువాత ఎవరు?

కొర్లగుంట కోడలు:

చుక్క పొడిచినది లేచితి
నొక్కితి మీటను జడల్లి నూరితి కారం
చక్కగ పొడిపొడి యన్నము
కుక్కరు కొన్నట్టి యింట కూడే కరవౌ?

కొండ మీద డ్యూటీ. తెల్లారకముందే బస్సు పట్టుకోవాలి. ప్రెషర్ కుక్కర్ త్వరగా ఉడికిస్తుంది, నిజమే. లోపల ఆవిరి 120 డిగ్రీల దాకా పోతుందట, పది నిమిషాల్లో పని అయిపోతుంది. కానీ ఆ పది నిమిషాలూ చెవి విజిల్ మీదే ఉండాలి. మూడో విజిలా, నాలుగోదా అని స్నానాల గదిలోంచి టెన్షన్. కరెంటు కుక్కర్ అరగంట తీసుకున్నా నన్ను పిలవదు. ప్రెషర్ కుక్కర్ని పప్పుకు వదిలేశా. కందిపప్పు మెత్తగా ఉడకాలంటే అదే దిక్కు, కరెంటు కుక్కర్లో పప్పు పొంగి గట్టు మీదంతా పారుతుంది. రెండూ ఒకేసారి నడుస్తాయి కాబట్టి బస్సు దొరుకుతోంది.

పాత సిబ్బి:
కరెంటు బిల్లో?

కొర్లగుంట కోడలు:
మాది 700 వాట్లది పెద్దమ్మా. అరగంట ఆగకుండా నడిచినా యూనిట్‌లో మూడో వంతు దాటి కొంచెం, అంతే. పొద్దస్తమానం ‘వార్మ్’లో వదిలేస్తే ఖర్చూ దండగ, అన్నం ఎండి పసుపు పచ్చగా తిరిగి ఒక రకం వాసన కొడుతుంది. అందుకే ఉడికిన కాసేపటికి ప్లగ్గు తీసేస్తా.

మాడవీధి మాస్టారు:
చివర ఒక్క ప్రశ్నార్థకంతో సమస్యను తలకిందులు చేసింది. గొంతు విరుపుతో అర్థం తిప్పే కాకువు అంటే ఇదీ. ‘చుక్క పొడిచినది’లో అచ్చ తెలుగు తెల్లవారుజాము ఉంది. నొ–నూ యతి, జడల్లిలో జగణం, అన్నీ సరే. ‘కారం’ అని వాడుక రూపంతో పాదం ముగించడం కొందరికి నచ్చదు, ‘కారమున్’ అంటే గణం చెడుతుంది. నేనైతే వదిలేస్తా. ఈ వారం తాంబూలం కోడలికే. రెండోది ఫిజిక్స్ సారుకు. ఆటవెలది పోటీలో లేదు గాని పెద్దమ్మకు నా నమస్కారం.

పుంగనూరు పొట్టి ఆవు:
కోడలి పద్యంలో కూర లేదు. కారంతోనే తినిపోతుందా కొండకి?

కొర్లగుంట కోడలు:
నెయ్యి వేసుకుంటా. నీ సంగటిలోకీ కారమే గదా?

బైరాగిపట్టెడ బ్యాచిలర్:
పద్యాలన్నీ చదివినా. ఇంతకీ మామయ్యకు ఏం చెప్పాలి? కొనమనా, వద్దనా?

మాడవీధి మాస్టారు:
నీ గదిలో గ్యాస్ ఉందా?

బైరాగిపట్టెడ బ్యాచిలర్:
లేదు మాస్టారూ. కరెంటు ప్లగ్గు ఒకటుంది, అంతే.

మాడవీధి మాస్టారు:
ఇంకేం, కొనిపించుకో. సుమారు మూడు ఆంపియర్లే లాగుతుంది, గోడకుండే మామూలు ప్లగ్గు చాలు. కూర బయట కొనుక్కున్నా అన్నం గదిలో ఉంటే నెలకు బోలెడు మిగులుతుంది. అమ్మా నాన్నా వచ్చి చూసే ఇల్లయితే, గ్యాసూ ప్రెషర్ కుక్కరూ ఉంటే, వద్దనే అనేవాణ్ణి.

చిత్తూరు బెల్లం:
ఒకటిన్నర, రెండు లీటర్లవి తేవొద్దని చెప్పు. పెద్ద గిన్నెలో ఒక్కడికి వండితే బియ్యం పలచగా పరుచుకుని అడుగు పెళుసు కడుతుంది. లీటరుది చాలు.

కొర్లగుంట కోడలు:
దాంతో ఒక చిన్న ప్లాస్టిక్ కప్పు వస్తుంది, పారేయొద్దు. అది 180 మిల్లీలీటర్లది. గిన్నె లోపలి గీతలు ఆ కప్పు లెక్కకే వేసుంటారు. బియ్యం మన గ్లాసుతో కొలిచి నీళ్లు గీతకు పోశావంటే పలుకే మిగులుతుంది.

బైరాగిపట్టెడ బ్యాచిలర్:
రాసుకున్నా అక్కా. మామయ్యకు ఫోన్ చేస్తా ఉండా. మూడో పాదం మాత్రం మార్చుకోవాలేమో, తీరిక చిక్కేట్టే ఉంది.