అప్‌డేట్: గుడ్ల పెట్టెలో ఊక తీసేసి వరిగడ్డి వేశాను

నెల కిందట అడిగాను కదా, కోవూరులో మా ఇంటి నాటుకోళ్ల గుడ్లు పెట్టెలోనే పగిలిపోతున్నాయి, అడుగున ఏం వేయాలి అని. చాలామంది వరిగడ్డి అన్నారు, అదే వేశాను. ఊకనైతే కోళ్లు కాళ్లతో గీరి పక్కకు తోసేసేవి, గుడ్డు నేరుగా చెక్క మీద పడేది. ఇప్పుడు ఎండుగడ్డిని జానెడు ముక్కలుగా కోసి, నాలుగంగుళాల మందాన పరిచి, మధ్యలో చేత్తో గుంటలా నొక్కుతున్నాను. ముందువైపు అడ్డపలక కొట్టించాక గడ్డి బయటికి రావడం లేదు. మూడు వారాలుగా ఒక్క గుడ్డూ పగల్లేదు! మా అత్తమ్మ చెప్పారని వేపాకు కూడా వేస్తున్నాను, అయినా గోమార్లు పట్టాయేమోనని మూలలు రోజూ చూస్తాను.

మొన్నటి వానకు గడ్డి తడిసి బూజు వాసన వచ్చింది. టెన్షన్ పడి వెంటనే మొత్తం తీసేశాను. బూజు పట్టిన గడ్డితో కోళ్లకు ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, దయచేసి ఎవరూ వాడకండి. పలక సంగతి చెప్పిన అన్నకు చాలా థాంక్స్.