ప్రత్యేక విద్యలో పీజీకి మంచి కళాశాల ఏది?

కర్నూలు ఉపాధ్యాయిని:
నేను బి.ఎడ్. చేసి ఆరేళ్లుగా ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తున్నాను. నా తరగతిలో మాట స్పష్టంగా రాని బాబు ఒకడు, అక్షరాలు తిరగేసి రాసే పాప ఒకతె ఉన్నారు. వాళ్లకు ఎలా చెప్పాలో తెలియక రోజూ బాధతోనే ఇంటికి వస్తున్నాను. అందుకే ప్రత్యేక విద్యలో గాని, కౌన్సెలింగ్‌లో గాని పీజీ చేయాలని నిశ్చయించుకున్నాను. నిన్న రాత్రి ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా ఎం.ఎడ్. దరఖాస్తుతో కుస్తీ పట్టినా అర్హత దగ్గరే ఆగిపోతోంది. ఫోన్ చేస్తే ఒక కళాశాలవారు చేరమన్నారు, మరొకరు కుదరదన్నారు. దయచేసి ఎవరైనా దారి చూపండి.

అనంతపురం సభ్యుడు:
మీ బి.ఎడ్. జనరలా, స్పెషలా (ప్రత్యేక విద్యలో చేసినదా)? అది తెలియకుండా ఏమీ చెప్పలేము.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, గుంటూరు:
కళాశాల కంటే ముందు ఈ పిల్లల గురించి వాడే మాటలు సరిచేసుకోవాలమ్మా. వికలాంగుల కోసం వచ్చిన 1995 చట్టం ఏడు వైకల్యాలనే గుర్తించగా, 2016 చట్టం వాటిని 21కి పెంచి, ఆటిజాన్నీ, నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్నీ (చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో వచ్చే ఇబ్బంది) విడిగా పేర్కొంది. అయినా మన శిక్షణ తరగతుల్లో ఇప్పటికీ ‘బుద్ధిమాంద్యం’ అనే మాటే వినిపిస్తోంది. ‘మేధో వైకల్యం’ అనడమే సముచితం.

ఒక తల్లి, వరంగల్:
మాస్టారూ, ప్రభుత్వం దివ్యాంగులన్నా, విభిన్న ప్రతిభావంతులన్నా, మా అబ్బాయికి చొక్కా గుండీలు పెట్టుకోవడం ఓపికగా నేర్పే టీచరు దొరకడమే నాకు ముఖ్యం. ఈ అమ్మాయి అలాంటి పనికి సిద్ధపడుతోంది, ఆమె అడిగినది చెప్పండి.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, గుంటూరు:
మీ బాధ అర్థమైందమ్మా. కానీ పిల్లవాణ్ణి పిలిచే మాటను బట్టే టీచరు వాడిని చూసే చూపు ఉంటుందన్నది నా అనుభవం.

ప్రత్యేక ఉపాధ్యాయిని, సికింద్రాబాదు:
ఈ చదువులకు గుర్తింపునిచ్చేది 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి, అంటే ఆర్.సి.ఐ. స్పెషల్ ఎం.ఎడ్.లో చేరాలంటే ఆర్.సి.ఐ. గుర్తించిన స్పెషల్ బి.ఎడ్. అయినా ఉండాలి, లేదా జనరల్ బి.ఎడ్.తో పాటు ప్రత్యేక విద్యలో డిప్లొమా అయినా ఉండాలి. మీది జనరల్ అయితే దరఖాస్తు అక్కడ ఆగడం సహజమే. మా ఊళ్లో మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఏర్పడిన జాతీయ సంస్థలో స్పెషల్ బి.ఎడ్., ఎం.ఎడ్. రెండూ ఉన్నాయి. ఎక్కడ చేరినా, ఆ కళాశాలకు, ఆ కోర్సుకు, ఏ సంవత్సరం వరకు అనుమతి ఉందో ఆర్.సి.ఐ. వెబ్‌సైటులో చూసుకున్నాకే ఫీజు కట్టండి. రేపు ప్రత్యేక ఉపాధ్యాయినిగా ఆర్.సి.ఐ. రిజిస్ట్రేషన్ నంబరు రావడానికి అదే ఆధారం. కౌన్సెలింగ్ దారి వేరు. సైకాలజీలో ఎం.ఏ. చేసినంత మాత్రాన ప్రత్యేక ఉపాధ్యాయినిగా రిజిస్ట్రేషన్ రాదు.

కర్నూలు ఉపాధ్యాయిని:
నాది జనరల్ బి.ఎడ్.; చెప్పాలని తోచలేదు. డిప్లొమాకైనా ఉద్యోగం మానాల్సి వస్తుందేమో, ఇంట్లో మాట్లాడి చెబుతాను. కృతజ్ఞతలండీ.

అనంతపురం సభ్యుడు:
ఆ బాబుకు వినికిడి పరీక్ష చేయించారా?