మా అమ్మాయి సాఫ్ట్‌బాల్: రెక్ లీగ్‌లోనే ఉంచాలా, ట్రావెల్ టీమ్‌కి పంపాలా?

అమెరికాలో ఆడపిల్లల చేత ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) ఆడిస్తున్నవాళ్లు ఉంటే కాస్త సలహా ఇవ్వండి. మేం డాలస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి ఊరి రెక్ లీగ్‌లో (సరదాగా ఆడే స్థానిక లీగ్) 10యూ, అంటే పదేళ్లు, అంతకంటే చిన్న పిల్లల విభాగంలో ఆడుతోంది, వచ్చే సీజన్ నుంచి 12యూ.

బాల్ 11 అంగుళాల నుంచి 12కి, పిచింగ్ (బ్యాటర్‌కి బాల్ వేయడం) దూరం 35 అడుగుల నుంచి 40కి పెరుగుతాయి. అది పెద్ద సమస్య కాదు. అసలు సమస్య ఏంటంటే, కాస్త బాగా పిచింగ్ చేసే పిల్లలంతా ట్రావెల్ టీముల్లోకి (ఊళ్లు తిరిగి టోర్నమెంట్లు ఆడే జట్లు) వెళ్లిపోతున్నారు. మిగిలినవాళ్లు బాల్ సరైన చోట (స్ట్రైక్) పడక వాక్‌ల మీద వాక్‌లు (బ్యాటర్‌కి ఊరికే మొదటి బేస్) ఇస్తుంటే, ఔట్‌ఫీల్డ్‌లో పిల్లలు గడ్డి పీక్కుంటున్నారు. కోచ్‌లు కూడా వాలంటీర్లుగా వచ్చే అమ్మానాన్నలే, పాపం, వాళ్లను అనేదేం లేదు.

ట్రావెల్ అంటే ఫీజులు, హోటళ్లు, వారాంతాలన్నీ టోర్నమెంట్లు. ఆదివారం కూచిపూడి క్లాసు మానడానికి మా అమ్మాయి ఒప్పుకోదు. "ఇప్పుడు చేరకపోతే కాలేజీ స్కాలర్‌షిప్ మర్చిపోండి" అని ఒక కోచ్ అంటున్నారు. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంస్థ) డివిజన్ 1 రూల్స్ ప్రకారం 11వ తరగతి సెప్టెంబర్ 1 దాకా కాలేజీ కోచ్‌లు పిల్లలతో రిక్రూటింగ్ మాటే ఎత్తకూడదు కదా, పదేళ్ల పిల్లకి ఇప్పుడే ఈ టెన్షన్ ఎందుకు?

రెక్‌లోనే ఉంచి, పిచింగ్ పాఠాలు విడిగా చెప్పించి, 14యూలో ట్రావెల్‌కి మార్చినవాళ్లున్నారా? హైస్కూల్ టీమ్‌లో చోటు దొరికిందా? ట్రావెల్ టీమ్ ట్రయౌట్‌కి (ఎంపిక పరీక్ష) వెళ్తే ఖర్చుల గురించి ముందే ఏమేం అడగాలి? సీజన్ మధ్యలో మానేస్తే కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?