లైటింగ్ డీబీల (లైట్ల డిస్ట్రిబ్యూషన్ బోర్డుల) కంట్రోల్ వైరింగ్ ఎట్ల గుంజాలె? జర చెప్పుండ్రి

హన్మకొండ వైర్‌మన్:
అన్నలూ, ఇక్కడ ఒక ఫంక్షన్ హాల్ పని నడుస్తాంది, లైటింగ్ డీబీల టైమర్, కాంటాక్టర్లు (కాయిల్‌తోని పెద్ద లోడు ఆన్ ఆఫ్ చేసే స్విచ్చులు), ఇంక ఆర్ఎస్ 485 (వైరు మీద సిగ్నల్ పంపే పద్ధతి) మీద నడిచే రిలే మాడ్యూళ్లు (చిన్న స్విచ్చుల డబ్బాలు) పెట్టాలె. మాడ్యూల్ సిగ్నల్ వైరు పవర్ వైర్లతోని ఒకటే డక్ట్‌ల పోనియ్యచ్చా? కాంటాక్టర్ కాయిల్‌కు సప్లై ఏడికెల్లి తీసుకోవాలె? ఓనరేమో రేపే లైట్లు వెలగాలంటాండు.

కాజీపేట ప్యానెల్:
ఒకటే డక్ట్‌ల వద్దే వద్దు తమ్మీ. ట్విస్టెడ్ పెయిర్ షీల్డ్ కేబుల్ (మెలేసిన జంట వైర్ల మీద లోహపు తొడుగున్నది) వాడు, పవర్ వైరును దాటాల్సొస్తే అడ్డంగ దాటియ్యి, పక్కపక్కన పొడుగుత పోనియ్యకు. షీల్డ్ ఒక్క దిక్కే ఎర్త్ చెయ్యి. 120 ఓమ్‌ల రెసిస్టర్ సిగ్నల్ లైన్ రెండు చివర్లల్లనే, మధ్యల మాడ్యూళ్లకు పెట్టకు, చానమంది అన్నిటికి పెట్టి మల్ల కమ్యూనికేషన్ వస్తలేదని మొత్తుకుంటరు.

పాత డీబీ:
కాయిల్ మీద ఏం రాసుందో ఫస్ట్ చూడు. 230 వోల్టులైతే ఒక ఫేజు, న్యూట్రల్, దానికి వేరే చిన్న ఎంసీబీ. కాయిల్ రెండు టెర్మినళ్లు ఏ1, ఏ2 కు రెండు ఫేజులిస్తే 415 పడ్తది, కాయిల్ ఖతం. బయటికెల్లి కంట్రోల్ సప్లై వస్తే మెయిన్ ఆఫ్ చేసినా లోపల కరెంటుంటది, చెక్ చేసినంకనే చెయ్యి పెట్టు.

లైట్ల పని:
ఇంకోటి, లైట్ల లోడు డైరెక్ట్ రిలే మీద వెయ్యకు, ఎల్ఈడీ డ్రైవర్లు ఆన్ కాంగనే ఒక్కసారి మస్తు కరెంట్ గుంజుతయ్, కాంటాక్టులు అతుక్కుంటయ్. రిలేతోని కాంటాక్టర్ కాయిల్‌నే నడుపు.

హన్మకొండ వైర్‌మన్:
కాయిల్ 230 దే అన్నా. షీల్డ్ కేబుల్ కోసం చౌరస్తా దిక్కు పోతాన, ఓనర్‌కు మాత్రం ఎవలన్న చెప్పుండ్రి.