ఫిర్యాదు నంబరు లేని కాల్‌ను రేడియోలో తీసుకోవాలా, వద్దా?

ఫేడర్
బెంగళూరు కమ్యూనిటీ రేడియోలో ఆదివారం సాయంత్రం వచ్చే మన తెలుగు ఫోన్-ఇన్ సంగతి. నీళ్ళు, డ్రైనేజీ, కరెంటు, చెత్త గురించి జనం ఫోన్ చేస్తారు. ఇంజినీరు ఒకాయన స్టూడియోలో కూర్చుని జవాబిస్తారు. ఇకమీద ఫిర్యాదు నంబరు చెప్పగలిగినవాళ్ళ కాల్ మాత్రమే ప్రసారంలోకి కలపాలని ఫోన్ల దగ్గర కూర్చునేవాళ్ళు ప్రతిపాదించారు. నేను గట్టిగా సమర్థిస్తున్నాను.

అరగంటలో ముందుమాట, పాట, ప్రకటనలు పోతే చేతికి మిగిలేది 22 నిమిషాలు. కాల్‌కి మూడు నిమిషాలు వేసుకుంటే ఏడు కాల్స్. అందులో జరిగేది ఇది: "మాకు నీళ్ళు రావట్లేదు సార్." ఎక్కడ? "కె.ఆర్.పురం." కె.ఆర్.పురంలో ఎక్కడ? "రైల్వే స్టేషన్ దగ్గర." దగ్గరంటే ఏ వైపు? ఇక్కడికే నిమిషంన్నర అయిపోతుంది. వార్డు అడిగితే మరీ గందరగోళం. ఒకరు 198 వార్డుల నాటి నంబరు చెబుతారు, ఇంకొకరు 225 నాటిది చెబుతారు. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ (బెంగళూరు నగరపాలక సంస్థ) స్థానంలో అయిదు కార్పొరేషన్లు వచ్చాక ఆ లెక్కలూ పనికిరావు. చివరికి ఇంజినీరు "నంబరివ్వండి, చూస్తాను" అంటారు. నంబరుండదు. ఆ కాల్ వృథా, లైన్లో కాచుకున్న ఇంకొకరి అవకాశమూ వృథా.

నీళ్ళకీ మురుగుకీ 1916, కరెంటుకి 1912, రోడ్లకీ వీధి దీపాలకీ 1533. ముందు అక్కడ చేసి నంబరు రాసుకుని మనకు ఫోన్ చేయమంటున్నాం. అంతే.

చిత్తూరు_సిల్క్‌బోర్డు
నాకు నంబరొచ్చిందన్నా. "పని పూర్తయింది" అని మెసేజీ కూడా వచ్చింది. మురుగు మాత్రం ఆడే నిలబడి ఉంది. ఏ ఆఫీసో చెప్పను. ఆ నంబరు పెట్టుకుని నేనేం చేసుకోవాల?

ఫేడర్
సరిగ్గా అందుకే రేడియోకి రావాలి. "ఫలానా నంబరు, ఫలానా తేదీన మూసేశారు, పని జరగలేదు" అని మీరంటే ఇంజినీరు తప్పించుకోలేరు. కమ్యూనిటీ రేడియో తన ప్రసారాల రికార్డింగును మూడు నెలలు దాచాలి. ఆయన ఇచ్చిన మాట అందులో ఉంటుంది. నంబరు లేకపోతే ఆ మాటను ముడివేయడానికి కొసే దొరకదు.

హొరమావు_అక్క
ఫేడర్ గారూ, నీళ్ళ ఫిర్యాదంటే ఆర్.ఆర్. నంబరు, అంటే కనెక్షన్ నంబరు అడుగుతారు. అది బిల్లు మీద ఉంటుంది. బిల్లు ఓనరు దగ్గర ఉంటుంది. వఠారంలో పది కొంపలుంటే మీటరు ఒక్కటి, సంపు ఒక్కటి, బిల్లు ఒక్కటి. అనంతపురం నుంచో కర్నూలు నుంచో మేస్త్రీ పనికొచ్చి ఆ పది కొంపల్లో ఉన్నవాళ్ళు ఏ నంబరు చెప్పాలి? మీ ఏడు కాల్స్ సొంతిల్లు ఉన్నవాళ్ళకే పోతాయి. తెలుగు అరగంట వినేది ఎక్కువగా ఎవరో మీకూ తెలుసు.

ఇంకొకటి. బీబీఎంపీ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో తీరింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఎన్నికలు లేవు, వెళ్ళి తలుపు కొట్టడానికి కార్పొరేటరూ లేడు. జనం రేడియోకి ఫోన్ చేస్తున్నది అందుకే. ఆ గుమ్మానికీ మీరు చీటీ ఉంటేనే రానిస్తామంటే ఎలా?

ఫేడర్
అక్కా, మ్యాన్‌హోల్ పొంగితే ఆర్.ఆర్. నంబరు అక్కర్లేదు. వీధి పేరు, పక్కన గుడో బడో చెబితే ఫిర్యాదు రాసుకుంటారు. వీధి దీపానికీ అంతే, స్తంభం మీద రాసి ఉన్న నంబరు చాలు. అద్దెకున్నవాళ్ళకు దారే లేదనడం సరికాదు. 2023లో గృహజ్యోతి (ఉచిత కరెంటు పథకం) వచ్చినప్పుడు బిల్లు తమ పేరున లేకపోయినా అద్దెవాళ్ళు ఖాతా ఐడీకి ఆధార్ కలుపుకున్నారు కదా? అడిగితే ఓనర్లు నంబరిస్తారు.

హొరమావు_అక్క
నేను మ్యాన్‌హోల్ గురించి మాట్లాడనే లేదు. నీళ్ళ గురించి మాట్లాడుతున్నా.

గృహజ్యోతిలో ఓనరుకు పోయేదేమీ లేదు కాబట్టి ఐడీ ఇచ్చాడు. నీళ్ళ దగ్గర అలా కాదు. 2025 ఏప్రిల్‌లో రేట్లు పెరగక ముందు ఇంటి కనెక్షన్‌కి మొదటి శ్లాబులో వెయ్యి లీటర్లు 7 రూపాయలు. 2024 కరువులో జిల్లా యంత్రాంగం ట్యాంకర్‌కి కట్టిన ధర 5 కిలోమీటర్ల లోపు 6,000 లీటర్లకు 600, అంటే వెయ్యి లీటర్లు 100. సంపులో జలమండలి వదిలే కావేరి నీళ్ళు ఎంత పడ్డాయి, ట్యాంకర్‌వి ఎంత పడ్డాయన్నది అద్దెవాళ్ళకు కనిపించదు. అన్నిటికీ ట్యాంకర్ లెక్కన వసూలు చేస్తే అడిగేదెవరు? బిల్లు చూపిస్తే ఆ లెక్క బయటపడుతుంది. అలాంటి చోట ఆర్.ఆర్. నంబరు అడిగి తెచ్చుకోమంటున్నారు మీరు.

గుంటూరు_ఓనరు
ఇదిగో, అసలు విషయం బయటికొచ్చింది. నీళ్ళ సమస్య పేరుతో ఓనర్లని రేడియోలో తిట్టించాలి, అంతేగా మీకు కావలసింది? పన్ను కట్టేది మేము, మోటారు కాలిపోతే చుట్టించేది మేము, సంపు కడిగించేది మేము. వాడెవడో లైవ్‌లో "మా ఓనరు దొంగ" అంటే వీధి మొత్తానికీ ఎవరన్నాడో తెలిసిపోతుంది. నా పరువుకి రేడియోవాళ్ళు పూచీ ఉంటారా?

రేడియోరిపేరు
లైవ్ అయినా డిలే పెట్టుకోవచ్చు సార్. ఏడు సెకన్లు వెనక ప్రసారం చేస్తే, పేరు రాగానే బటన్ నొక్కి ఆ ముక్క తీసేయొచ్చు. దీనికోసం నంబరు నిబంధన అక్కర్లేదు.

ఫేడర్
డిలే అన్నిటికీ మందు కాదు. ఒకసారి బటన్ నొక్కితే నిల్వలో ఉన్న ఏడు సెకన్లూ ఖాళీ అవుతాయి. అది మళ్ళీ పోగయ్యేలోపు ఆ మనిషే రెండోసారి పేరు తీస్తే ఆపడానికి ఏమీ ఉండదు. నొక్కగానే కాల్ కూడా కట్ చేయాలి. స్టూడియోలో శబ్దాలు కలిపే మిక్సర్ దగ్గరున్న మనిషే ఫోన్లూ ఎత్తుతుంటే ఈ రెండూ ఒకేసారి కావు.

రేడియోరిపేరు
కాలర్‌కి వినిపించే శబ్దం డిలేకి ముందునుంచి పంపాలి, అందులో ఆయన గొంతు తీసేసి పంపాలి. ఇంట్లో రేడియో ఆపమని లైన్ కలపకముందే చెప్పాలి. లేకపోతే తన మాటే ఏడు సెకన్ల తర్వాత విని తడబడతాడు. సగం కాల్స్ పాడయ్యేది దీనివల్లే, నంబరు లేక కాదు.

హొరమావు_అక్క
ఓనరు గారూ, ఎవరి పేరూ చెప్పక్కర్లేదు. ఇంటి నంబరూ అక్కర్లేదు. పేర్లు తీసేయాలని నేనూ అంటాను. నా గొడవ పేరుతో కాదు. కాల్‌ను మొదట్లోనే తోసేయడంతో.

ఫేడర్
సరే, దాపరికం లేకుండా చెబుతాను. నంబరు అడుగుతున్నది ఒక్క సమయం కోసమే కాదు. నంబరు లేని నీళ్ళ కాల్స్‌లో ఎక్కువ భాగం గేటు లోపలి తగవులే. మోటారు ఎప్పుడు వేస్తారు, మూడో అంతస్తుకి ఎందుకెక్కట్లేదు, నెలకి ఎంత గుంజుతున్నారు. జలమండలి బాధ్యత మీటరు దాకా. ఆ తర్వాత సంపు, పైపు, ట్యాంకు అన్నీ ఇంటాయనవి. ఇంజినీరు "అది మా పరిధి కాదమ్మా" అంటారు. నాలుగుసార్లు అనిపిస్తే ఆయన మళ్ళీ స్టూడియోకి రారు. ఇంజినీరు లేని ఫోన్-ఇన్‌కి ఎవరు ఫోన్ చేస్తారు? గేటు లోపలిది కొంపల తగవు. ఊరి సమస్య కాదు.

హొరమావు_అక్క
ఈ మాట మొదట్లోనే అనుంటే బాగుండేది. ఇన్నిసార్లు నంబరు నంబరు అన్నది దీనికేనన్నమాట.

గేటు లోపలిది ఊరి సమస్య ఎందుకు కాదో చెప్పండి. ఒకరు మీటరు దాటాక మోటారు బిగించి నేరుగా లైన్లోంచి లాగితే వీధి చివరి ఇంటికి చుక్క రాదు. 2025 వేసవిలో అలాంటి మోటార్ల మీద 5,000 జరిమానా అని జలమండలే ప్రకటించింది. మోటారున్నది గేటు లోపలేగా? అంతేకాదు, లైన్లో ఒత్తిడి తగ్గినప్పుడు పైపు బీటల్లోంచి చుట్టూ ఉన్న మురుగు లోపలికి పీల్చుకుంటుంది. ఒక గేటు లోపల చేసిన పని, కడుపునొప్పి వీధంతా. ఆ మోటారు శబ్దం వినేది కింది పోర్షన్‌లో అద్దెకున్నవాళ్ళు. వాళ్ళనే మీరు లైన్లోంచి తోసేస్తున్నారు.

గుంటూరు_ఓనరు
వాసన నీళ్ళొస్తే కూడా ముందు ఓనరునే అంటారు. నా సంపు శుభ్రంగా ఉంటుంది. లైన్లోనే పాడై వస్తే నేనేం చేసేది?

హొరమావు_అక్క
అది తేల్చడానికి ఇంజినీరు రానక్కర్లేదు. తప్పు మీదా లైనుదా అన్నది మీరే తేల్చుకోవచ్చు.

నీళ్ళు వదిలే రోజు మీటరు దగ్గర, సంపులో పడకముందే పట్టాలి. మీటరు దాటాక కుళాయి లేకపోతే సంపు మూత తీసి, లోపలికి వచ్చే పైపు కొస దగ్గర పట్టండి. రెండు గాజు సీసాలు. ఒకటి నీళ్ళు మొదలవగానే, రెండోది పదిహేను నిమిషాల తర్వాత. మూడో సీసా సంపులోంచి, చేంతాడు కట్టి ముంచి తీయాలి. మూడింటిలోనూ క్లోరిన్ చూడాలి. ఆర్థోటొలిడిన్ చుక్కలు వేసే కిట్‌తో వెంటనే తెలుస్తుంది. పసుపు రంగు తేలితే క్లోరిన్ ఉన్నట్టు. తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. చుక్కలు వేసిన నీళ్ళు పారబోయండి, తాగేవాటిలో కలపకండి.

మొదటి సీసా కంపు కొట్టి రెండోది బాగుంటే, నీళ్ళు రాని గంటల్లో పైపులోకి మురుగు దిగుతోంది. అది లైను తప్పు. మొదటి రెండూ పాడైతే బీట పెద్దది, ఆ వీధిలో ఇంకో నాలుగిళ్ళ నుంచీ ఇదే కాల్ రావాలి. రెండూ బాగుండి మూడోది పాడైతే సంపు గోడ బీటవారింది, లేదా డ్రైనేజీ గొట్టం దాని పక్కనుంచే పోతోంది. అప్పుడు ఓనరు పని.

ఇది కాలర్ చెప్పగలిగితే ఫిర్యాదు నంబరు కన్నా ఇంజినీరుకి ఎక్కువ ఉపయోగం. ఏ గుంత తవ్వాలో తెలుస్తుంది.

చిత్తూరు_సిల్క్‌బోర్డు
ఆ కిట్ యాడ దొరుకుతుందక్కా?

హొరమావు_అక్క
ఆక్వేరియం సామాన్లు అమ్మేచోట, నీటి పరీక్ష కిట్లు అమ్మేచోట అడుగు తమ్ముడూ. చుక్కల సీసా మీద గడువు తేదీ చూసి కొను. పాతబడితే రంగు తప్పు చూపిస్తుంది.

గుంటూరు_ఓనరు
ఇది చెప్పారు బాగుంది. ట్యాంకర్ వాడు తక్కువ పోస్తే ఎలా పట్టుకోవాలో అదీ చెప్పండి. మమ్మల్ని మాత్రం ఎవరు చూస్తున్నారు?

ఫేడర్
అది నేను చెబుతాను. సంపు పొడవు, వెడల్పు అడుగుల్లో కొలవండి. 8 × 6 సంపయితే 48 చదరపు అడుగులు. ఘనపుటడుగుకి 28.3 లీటర్లు, కాబట్టి మట్టం ఒక్క అంగుళం పెరిగితే సుమారు 113 లీటర్లు. 6,000 లీటర్లు పోస్తే 53 అంగుళాలు, అంటే నాలుగడుగుల అయిదంగుళాలు లేవాలి. పోయకముందు ఒకసారి, పోశాక ఒకసారి కర్ర ముంచి తడిసిన గుర్తు చూడండి. పోస్తున్నంతసేపూ ఇంట్లో మోటారు ఆపేయాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఇది అద్దెకున్నవాళ్ళూ చేయొచ్చు అక్కా. రేడియో ఎందుకు?

హొరమావు_అక్క
సంపు మూతకి తాళం ఉంటుంది ఫేడర్ గారూ. తాళంచెవి ఎవరి దగ్గర?

గుంటూరు_ఓనరు
పిల్లలు పడతారని వేస్తాం తాళం.

హొరమావు_అక్క
వేయాలి, కాదనను. ట్యాంకర్ వచ్చినప్పుడు తీసి అందరి ముందూ కర్ర ముంచండి. అంతే కోరేది.

ఇక కాల్స్ సంగతి. నంబరు బదులు ఫోన్ ఎత్తగానే అయిదు ప్రశ్నలు అడగండి. ఏ బస్టాపు దగ్గర, ఏ క్రాస్ (అడ్డవీధి). నీళ్ళు చివరిసారి ఏ రోజు, ఏ గంటకి వచ్చాయి, ఎంతసేపు. పక్కింట్లో వస్తున్నాయా. కనెక్షన్ కావేరిదా, బోరుదా, ట్యాంకరా. ఫిర్యాదు నంబరుంటే అదీ. మూడోదానికి "వస్తున్నాయి" అంటే గేటు లోపలి సంగతి. "ఎవరికీ రావట్లేదు" అంటే లైను. నిమిషం చాలు, లైన్ కలపకముందే అయిపోతుంది. ఒకే క్రాస్ నుంచి నాలుగు కాల్స్ వస్తే నాలుగూ ఒక్కటి చేసి ఒకరినే కలపండి. మీ 22 నిమిషాలు మీకే మిగులుతాయి.

రేడియోరిపేరు
బాగుంది. అయితే అడిగేది ఒకరు, మిక్సర్ దగ్గర ఇంకొకరు ఉండాలి.

ఫేడర్
మొదటి రెండూ, నాలుగోదీ ఒప్పుకుంటాను. క్రాస్‌ని బట్టి కాల్స్ కలపడం మంచి ఆలోచన, ఈ ఆదివారం నుంచే చేయొచ్చు. మూడోదానితో నాకు పేచీ ఉంది. పక్కింట్లో వస్తున్నాయని తేలాక ఆ కాల్‌ని ఏం చేస్తారు? అది గేటు లోపలిదని మీరే అన్నారు. ప్రసారంలో కలుపుతారా, వద్దా? దీనికి సూటిగా జవాబు రాయండి అక్కా, ఫోన్ల దగ్గర ఉండేవాళ్ళకి చెప్పాలి.

హొరమావు_అక్క
కలపాలి. పేరు లేకుండా, రెండు నిమిషాలకు మించకుండా. ఇంజినీరు జవాబు చెప్పక్కర్లేదు, పక్కింట్లో లైనుకి మోటారుందేమో చూసుకుంటే చాలు.

ఫేడర్
నేను ఒప్పుకోను. అలాంటి కాల్స్‌ని ప్రసారం తర్వాత విడిగా రాసుకోవాలంటాను. ఫోన్ల దగ్గరవాళ్ళకి ఇద్దరి మాటా పంపుతున్నాను, శనివారంలోపు వాళ్ళే తేల్చుకుంటారు.