జర్మన్ స్నేహితురాలికి ఇండియా వీసా, బస హన్మకొండలో మా ఇంట్లనే

ప్రశ్న: మాకింకా పెండ్లి కాలేదు. బతుకమ్మకు వస్తది. ఏ వీసా పెట్టాలె?

జవాబు: ఈ-టూరిస్ట్ వీసా చాలు తమ్మీ, శంషాబాద్‌ల దిగొచ్చు. ఇండియన్‌వీసాఆన్‌లైన్ డాట్ గవ్ డాట్ ఇన్‌లనే పెట్టాలె. అదే తీరున్న ప్రైవేటు సైట్లు పైసలు గుంజుతయి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలుండాలె. స్కాన్ పీడీఎఫ్ 300 కేబీ దాటొద్దు. ఎక్కువగా దెబ్బతినేది పేరు కాడ: మధ్యపేరు వదిలేస్తరు. పాస్‌పోర్టుల ఉన్నది ఉన్నట్టే కొట్టాలె. ఇండియా రిఫరెన్స్ కాడ నీ పేరు, హన్మకొండ అడ్రస్, ఫోన్ రాయి.

జవాబు: 30 రోజుల వీసా గడువు దిగిన రోజు నుంచి లెక్క, ఏడాదిదైతే మంజూరైన రోజు నుంచి. ముందుగాల పెట్టుకుంటే ఏడాదిల కొంత ఊకెనే పోతది. 30 రోజులది పొడిగించరు. ఫీజు వాపస్ రాదు.

జవాబు: అసలుది మరిచిండ్రన్నా. హోటలైతే వాళ్లే చూసుకుంటరు. ఇంట్ల ఉంటే వచ్చిన 24 గంటల్లోపు ఇంటాయనే ఇమిగ్రేషన్ పోర్టల్‌ల ఆమె బస వివరాలు ఎక్కించాలె. లాగిన్ ఇప్పుడే తీసుకోండ్రి.